పక్కన కూర్చున్న పాప పేరేంటి? చిన్న తరగతుల పిల్లలు తోటివాళ్ళను తెలుసుకోవడం గురించి



జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మనం అడిగే ప్రశ్నలు రెండు. ఈరోజు ఏం చెప్పిచ్చినారు? అన్నం మొత్తం తిన్నావా? మూడో ప్రశ్న చాలా ఇళ్ళలో రాదు: నీ పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్ళ పేరేంటి? ఈ వ్యాసమంతా ఆ మూడో ప్రశ్న గురించే. హోసూరు చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలను మనసులో పెట్టుకుని రాసింది ఇది. ఎల్‌కేజీ నుంచి మూడో తరగతి వరకు పిల్లలు ఉన్నవాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది. చివరి భాగం పిల్లల కోసం. చదవడం రానివాళ్ళకు మీరే చదివి వినిపించండి.

పేరు తెలిస్తే ఏమవుతుంది

ఐదారేళ్ళ బిడ్డకు తరగతి గదిలో పది మంది స్నేహితులు వెంటనే అక్కర్లేదు. పేరు తెలిసిన మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఆ ఒక్కరూ లేనప్పుడు చిన్న చిన్న విషయాలే కొండలవుతాయి. ఒంటికి పోవాలని టీచరును అడగడానికి సిగ్గు. నీళ్ళ సీసా మూత రాకపోతే ఎవరి చేతికివ్వాలో తెలీదు. పెన్సిలు కింద పడి రెండు బెంచీల అవతలికి దొర్లితే అది పోయినట్టే. సాయంత్రం మీరు "పెన్సిలు ఏం చేసినావు?" అని కోప్పడతారు. మర్నాడు బడికి పోనని ఏడుపు.

పక్కవాడి పేరు తెలిసిన పిల్లవాడికి ఇవన్నీ మామూలు సంగతులు. "టీచర్, వీనికి కడుపు నొప్పంట" అని చెప్పే నోరు ఒకటి పక్కనే ఉంటుంది. అందుకే మొదటి రెండు వారాలు అక్షరాల కంటే పేర్ల మీద ఎక్కువ సమయం పెడతాం. "రెండు వారాలుగా ఆటలే ఆడిస్తున్నారు, అక్షరాలు ఎప్పుడు?" అని కొందరు అడుగుతుంటారు. అడగడం న్యాయమే. అయితే ఇది మనం ఒక్కరం చేస్తున్న పని కాదు. ఒకటో తరగతిలో చేరే పిల్లలను బడికి అలవాటు చేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2021లో విద్యాప్రవేశ్ అనే మూడు నెలల కార్యక్రమాన్ని తయారు చేసింది. అది మొత్తం ఆటపాటల మీదే నడుస్తుంది.

పక్కపక్కన ఆడటం కూడా పరిచయమే

చిన్నపిల్లలు కలిసి ఆడటం మెట్టు మెట్టుగా వస్తుంది. నర్సరీ పిల్లల ఆటను గమనించి అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో దీని మీద రాసింది. బిడ్డ మొదట ఒంటరిగా ఆడుతుంది, లేదా ఇతరులు ఆడుతుంటే చూస్తూ నిలబడుతుంది. తర్వాత ఇంకో బిడ్డ పక్కనే కూర్చుని, అదే ఇసుకతో, ఎవరి ఆట వాళ్ళు ఆడతారు. ఆపైన వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటారు. చివరికి "నువ్వు బస్సు డ్రైవరు, నేను కండక్టరు" అని పనులు పంచుకుని ఆడే దశ వస్తుంది.

కాబట్టి మీ నాలుగేళ్ళ పాప ఇంకో పాప పక్కన కూర్చుని మాటా పలుకూ లేకుండా బొమ్మకు రంగులు వేస్తూ కనిపిస్తే కంగారు పడొద్దు. అది కూడా పరిచయమే. "పోయి మాట్లాడు పో" అని వీపు మీద తట్టి తోయడం వల్ల మేలు జరగదు.

మన తరగతి గదిలో ఎన్ని తెలుగులు

మామూలు బడికీ మన బడికీ తేడా వచ్చేది ఇక్కడ. ఒకే తెలుగు తరగతిలో కూర్చున్న పిల్లలందరూ ఒకే తెలుగు మాట్లాడరు. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇళ్ళ పిల్లల తెలుగులో కన్నడం, తమిళం కలిసిపోయి ఉంటాయి. కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళ మాట ఒక తీరు. సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల మాట ఇంకో తీరు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడి, బడి దగ్గరగా ఉందని ఇక్కడ చేరే పిల్లలూ ఉంటారు. పైగా 2006 నాటి తమిళ బోధన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచే తప్పనిసరి సబ్జెక్టు. అంటే ఆరేళ్ళ బిడ్డ తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు లిపులతో ఒకేసారి తంటాలు పడుతుంది.

ఇంత కలగలుపులో పరిచయం ఎక్కడ దెబ్బతింటుందో చెప్తాం. ఒక పాప "ఉర్లగడ్డ" అంటుంది. పుస్తకంలో "బంగాళాదుంప" అని ఉంటుంది. ఎవరో కిసుక్కున నవ్వుతారు. ఇంకో బాబు "ఎర్రగడ్డ" అంటాడు, పక్కవాడు "ఉల్లిపాయ అనాలిరా" అని దిద్దుతాడు. రెండు మూడు సార్లు ఇలా జరిగితే ఆ బిడ్డ తెలుగులో నోరు తెరవడం తగ్గించేస్తుంది. తమిళానికి మారిపోతుంది, లేదా మౌనంగా ఉంటుంది. మనం భయపడాల్సింది దీనికే. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెప్తుంది. 1956లో ఏడో సవరణతో అది వచ్చింది. ఆ అధికరణం పేరు చెప్పి మనం టీచర్లను అడగొచ్చు, పుస్తకాలు అడగొచ్చు. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడితో తెలుగులో ఆడుకోవాలని మాత్రం ఏ జీవో తెప్పించలేం. ఇంటర్వెల్‌లో పిల్లల నోట తెలుగు ఆగిపోతే, అది తెలుగు పీరియడ్‌లో మాత్రమే వినిపించే సబ్జెక్టుగా మిగులుతుంది.

అందుకని రెండో తరగతిలో గోడ మీద ఒక పెద్ద అట్ట పెట్టి "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని రాయిస్తున్నాం. టీచరు ఒక వస్తువు బొమ్మ అతికిస్తారు. పిల్లలు తమ ఇంటి మాట చెప్తే దాని కింద, ఆ బిడ్డ పేరుతో సహా, రాస్తారు. ఉర్లగడ్డ, ఆలుగడ్డ, బంగాళాదుంప పక్కపక్కన చేరతాయి. చెనిక్కాయ, వేరుశనగ, పల్లీ కూడా అంతే. కన్నడం పాప "ఈరుళ్ళి" అంటే అదీ రాస్తారు, తమిళం బాబు "వెంగాయం" అంటే అదీ రాస్తారు. పరీక్షలో ఏ మాట రాయాలో టీచరు విడిగా చెప్తారు. అట్ట మీద మాత్రం తప్పు మాట అంటూ లేదు. ఇలా చేసినప్పుడు పిల్లలకు మాటతో పాటు మనిషి కూడా గుర్తుంటారు. "ఈరుళ్ళి అనే పాప" అని మొదలై రెండు రోజుల్లో ఆమె అసలు పేరుకు వస్తారు.

ఇంట్లో మీరు ఒక్క సాయం చేయండి. మీ బిడ్డ తోటివాళ్ళ మాటను ఎగతాళిగా అనుకరిస్తూ ఇంటికొస్తే నవ్వకండి. "ఆ మాట మీ జేజి కూడా అనేది" అని చెప్పండి. చాలాసార్లు అది నిజమే అయ్యుంటుంది.

పేర్ల తిరకాసు

ఆంధ్రలో పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది. తమిళనాడులో అది తండ్రి పేరుది. మన పిల్లల్లో చాలామందికి ఇంటిపేరు ఇంట్లో తెలుసు, రిజిస్టరులో ఉండదు. ఒకే తరగతిలో ఇద్దరు మంజునాథలు ఉండి, ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకే అక్షరంతో మొదలైతే హాజరు పిలిచేటప్పుడు ఇద్దరూ "ఎస్ టీచర్" అంటారు. పిల్లలు దీన్ని తమదైన పద్ధతిలో తేల్చేస్తారు: పొడుగు మంజు, పొట్టి మంజు. లేదా నల్ల మంజు. ఆ పేరు పదో తరగతి దాకా వదలదు.

ఇక్కడ పెద్దవాళ్ళు ముందే అడుగు వేయాలి. ఒకే పేరు ఇద్దరికి ఉంటే వాళ్ళను ఎలా పిలవాలో ఆ పిల్లలనే అడుగుతాం. ఒకరు ఇంటిపేరుతో పిలవమంటారు, ఒకరు ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్తారు. వాళ్ళు ఎంచుకున్నదే తరగతిలో నడుస్తుంది. ఒంటి రంగు, లావు, కళ్ళద్దాలు, నత్తి, ఊరు, నాన్న చేసే పని, వీటితో పేర్లు పెట్టడం మొదటి రోజే ఆపాలి. నెల దాటాక ఆపడం చాలా కష్టం.

పేరు సరిగ్గా పలకడం కూడా లెక్కలోకి వస్తుంది. తమిళ అక్షరమాలలో క, గ లకు ఒకటే అక్షరం కాబట్టి తమిళ లిపిలో రాసిన మన పేర్లు చదివేటప్పుడు కొంచెం మారతాయి. అలాగే తమిళ పేర్లలోని "ళ"కు దగ్గరగా ఉండే ఆ ప్రత్యేకమైన శబ్దం మన పిల్లలకు తిరగదు. తప్పు పలికినందుకు ఎవర్నీ తిట్టక్కర్లేదు. "నువ్వే చెప్పు, ఎట్లా పలకాలి?" అని పేరు గల బిడ్డనే అడిగితే చాలు. ఆ రోజుకు ఆ బిడ్డే టీచరు.

చేర్చేటప్పుడు ఇచ్చే కాగితంలో "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని ఒక గడి ఉంది. చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. దయచేసి నింపండి. మొదటి రోజు ఏడ్చే బిడ్డను "చిన్నీ" అని పిలిచినప్పుడు తలెత్తి చూస్తుంది, రిజిస్టరు పేరు పిలిస్తే చూడదు.

ఆటలు, కూర్చునే చోట్లు

బడిలో చేసేవి క్లుప్తంగా. గుండ్రంగా నిలబెట్టి బంతి ఆట ఆడిస్తాం. బంతి ఎవరికి వేస్తున్నారో వాళ్ళ పేరు చెప్పి వేయాలి, తెలియకపోతే అడిగి వేయాలి. అడగడం తప్పు కాదని ఈ ఆటలో బాగా ఒంటబడుతుంది. ప్రతి సోమవారం కూర్చునే చోటు మారుస్తాం. "మా వాణ్ణి వాని ఫ్రెండు పక్కనే ఉంచండి" అని అడిగేవాళ్ళకు మా జవాబు: మొదటి రెండు వారాలు ఉంచుతాం, తర్వాత మారుస్తాం.

జట్లు వేసేటప్పుడు ఇద్దరు నాయకులను పెట్టి ఒక్కొక్కర్నీ ఏరుకోనివ్వడం లేదు. ఆఖర్న మిగిలేది ఎప్పుడూ ఒకే బిడ్డ అవుతుంది. దానికి బదులు పంటలు వేస్తాం. తమిళ పిల్లలు దాన్నే సా బూ త్రీ అంటారు. చేతులు తిప్పడం ఇద్దరికీ తెలిసిందే కాబట్టి గొడవ లేదు.

అన్నిటికంటే పనికొచ్చే ఆట వామనగుంటలు. పద్నాలుగు గుంటలు, ఇటు ఏడు, అటు ఏడు, చింతపిక్కలు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని కదలకుండా ఆడాలి. ఒకరి పిక్కలు ఒకరు లెక్కపెట్టుకుంటారు కాబట్టి మాట కలవక తప్పదు. భాష రాకపోయినా ఆట ఆగదు. తమిళంలో ఇది పల్లాంగుళి, కన్నడంలో అళిగుళి మణె. అంటే మూడు భాషల ఇళ్ళలోనూ అవ్వలకు వచ్చిన ఆటే. సిగ్గరి పిల్లలకు ఇరవై మంది గుంపు కంటే ఎదురుగా ఒక్కరు ఉండటం ఎంతో సులువు. తొక్కుడుబిళ్ళ కూడా మంచిదే, తమిళ పిల్లలకు అది పాండి, కన్నడం పిల్లలకు కుంటెబిల్లె. కాకపోతే దాంట్లో తన వంతు వచ్చేదాకా పక్కన నిలబడాలి, చిన్నవాళ్ళకు అంత ఓపిక ఉండదు.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు మధ్యాహ్న భోజనం దగ్గర ఒకటో తరగతి వాళ్ళ పక్కన కూర్చుంటారు. ప్రతి చిన్నబిడ్డకూ ఒక అన్నో అక్కో ఉంటారు. ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులారా, మీ బిడ్డ "నాకు ఒక చెల్లి దొరికింది" అంటే అర్థం ఇదే.

ఇంట్లో చేయగలిగినవి

అన్నిటికంటే ముందు ఆ మూడో ప్రశ్న. రోజూ ఒక్క కొత్త పేరు అడగండి. "ఎవరితో ఆడినావు?" అంటే చాలామంది పిల్లలు "అందరితో" అని తప్పించుకుంటారు. "ఈరోజు ఎవరు నవ్వినారు? ఎవరు ఏడ్చినారు? ఎవరి డబ్బాలో చిత్రాన్నం ఉండింది?" అని అడిగితే పేర్లు వాటంతట అవే వస్తాయి.

ఆ పేరు వినగానే మనలో కొందరి నోట వచ్చే తర్వాతి ప్రశ్న ఒకటుంది: "వాళ్ళు ఎవుర్లు?" మనసులో ఏ ఉద్దేశం ఉన్నా, ఆ ప్రశ్న బిడ్డతో పాటు మర్నాడు బడికి వస్తుంది. తరగతి గదిలో అదే మాట ఇంకో బిడ్డను అడుగుతుంది. ఆరేళ్ళ పిల్లలకు కులం సంగతి పుట్టుకతో తెలీదు. మనం అడిగిన ప్రశ్నల నుంచి నేర్చుకుంటారు. దయచేసి ఆ ప్రశ్న అడగకండి. ఎవరి డబ్బాలో ఏం కూర ఉందో చెప్పినప్పుడు ముఖం చిట్లించడం కూడా అలాంటిదే. మాంసం తినే ఇల్లు, తినని ఇల్లు రెండూ ఉన్నాయి. "మనం తినం, వాళ్ళు తింటారు, పక్కన కూర్చోవచ్చు" అన్న ఒక్క మాటతో బిడ్డకు అర్థమవుతుంది.

ఆదివారం ఒక్క బిడ్డను ఇంటికి పిలవండి. ఒక్కరు చాలు, గంటసేపు చాలు. పుట్టినరోజుకు ఇరవై మందిని పిలిచే ఖర్చు కంటే దీనివల్ల పరిచయం బాగా పెరుగుతుంది. చిల్లర తిండి ఏదైనా పెట్టండి, టీవీ, ఫోను మాత్రం ఆ గంటసేపు పక్కన పెట్టండి. వచ్చిన బిడ్డతో తెలుగులోనే మాట్లాడండి. తనకు తెలుగు సరిగా రాకపోతే ఆ ఇంటి భాషలో ఒకటి రెండు మాటలు మీరూ నేర్చుకోండి. పుట్టినరోజు కేకు బడికి పంపేవాళ్ళకు ఒక విన్నపం: పంపితే తరగతి మొత్తానికి సరిపడా చాక్లెట్లు పంపండి, లేదంటే వద్దు. కొందరికే ఇచ్చే ఆహ్వానాలు తరగతి గదిలో పంచనివ్వం.

ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారని తెలిస్తే ఆ రాత్రే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాయకండి. పిల్లలు మర్నాడు ఉదయం ప్రేయర్ అయ్యేలోపు కలిసిపోతారు. పెద్దవాళ్ళు ఆరు నెలలు మాట్లాడుకోరు. క్లాస్ టీచరుకు విడిగా చెప్పండి. ఒకే బిడ్డను పదే పదే కొట్టడం, వస్తువులు లాక్కోవడం, ఆటకు రానివ్వకపోవడం జరుగుతుంటే అది వేరే సంగతి, వెంటనే వచ్చి కలవండి.

బడిలో నోరు తెరవని బిడ్డ

ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో ఒక్క మాట కూడా మాట్లాడకపోతే ఏం చేయాలి? మొదటి నెల మామూలుగా వదిలేయొచ్చు. తెలుగు కొత్త అయిన పిల్లలు ఇంకా కొంతకాలం వింటూ ఉండిపోతారు. ఆ సమయంలో లోపల మాటలు పోగవుతూనే ఉంటాయి. ఇంటికి బంధువులు వచ్చినప్పుడు "ఏదీ, పద్యం చెప్పు, నీ ఫ్రెండ్స్ పేర్లు చెప్పు" అని నిలబెట్టడం ఈ పిల్లలకు అస్సలు సరిపడదు.

నెల దాటాక కూడా ఇంట్లో మాట్లాడుతూ బడిలో మాత్రం మౌనంగానే ఉంటే, దానికి వైద్యులు సెలెక్టివ్ మ్యూటిజం అని పేరు పెట్టారు. అది మొండితనం కాదు, పొగరు కాదు, భయం వల్ల వచ్చే ఇబ్బంది. చికిత్స ఉంది, తొందరగా మొదలుపెడితే మంచిది. మాట్లాడనందుకు కొట్టడం, బెదిరించడం వల్ల పరిస్థితి ఇంకా ముదురుతుంది. ముందు క్లాస్ టీచరుతో మాట్లాడి, తర్వాత పిల్లల డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. సరిగా వినపడక జవాబు చెప్పని పిల్లలు ఉంటారు, ఇంట్లో దగ్గరగా మాట్లాడతాం కాబట్టి మనకు తెలీదు.

ఈలోపు తరగతిలో అలాంటి బిడ్డ టీచరుకు నేరుగా చెప్పక్కర్లేదు. పక్కనున్న ఒక్కరి చెవిలో చెప్తే వాళ్ళు చెప్తారు. తల ఊపినా, వేలుతో చూపినా జవాబు కిందే లెక్క.

పిల్లలూ, ఇది మీకు

మీ తరగతిలో మీకు పేరు తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే "నీ పేరేంటి?" అని అడగండి. ముందు మీ పేరు చెప్పి అడిగితే ఇంకా బాగుంటుంది. ఒకసారి చెప్పిన పేరు మర్చిపోయినా ఏం కాదు, మళ్ళీ అడగొచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళకు మూడు చోట్లు చూపించండి: నీళ్ళ కొళాయి, బాత్‌రూము, టీచర్ల గది. ఎవరైనా ఆటలో లేకుండా గోడకు ఆనుకుని నిలబడితే "వస్తావా?" అని ఒక్కసారి పిలవండి. రాను అంటే వదిలేయండి. రేపు మళ్ళీ పిలవండి.

మీరు ఒక్కరే ఉన్నారా, ఆటలోకి వెళ్ళాలని ఉందా? మొదట పక్కన నిలబడి ఆట ఎలా ఆడుతున్నారో చూడండి. బంతి బయటికి వస్తే తెచ్చివ్వండి. తర్వాత "నేనూ రావచ్చా?" అని అడగండి. వద్దంటే ఇంకో గుంపు దగ్గరికి వెళ్ళండి. రోజూ అందరూ వద్దంటే టీచరుకు చెప్పండి. అది చాడీలు చెప్పడం కాదు.

ఈ వారం ఒక పని. ఒక కాగితం మీద మీకు అంతగా తెలియని ఒకరి పేరు రాయండి. వాళ్ళను నాలుగు సంగతులు అడగండి: ఇంట్లో ఏమని పిలుస్తారు? అవ్వను ఏమని పిలుస్తావు? ఏ ఆట ఇష్టం? ఉర్లగడ్డను మీ ఇంట్లో ఏమంటారు? జవాబులు తెలుగులో రాయండి. రాయడం రాకపోతే బొమ్మ వేయండి, అమ్మతోనో అన్నతోనో రాయించుకోండి. సోమవారం ఆ కాగితం తీసుకొస్తే మీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చదివిస్తాం. పేరు తప్పు రాస్తే ఆ పేరు గలవాళ్ళే దిద్దుతారు.